అత్తగారికి నేర్పిన గుర్తుమాట

ఏరా మస్తానూ, ఆదివారం ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని గుంటూరు ఎగ్జిబిషన్‌కు వెళ్తున్నావటగా. వెళ్ళు, ఎవరొద్దన్నారు? కానీ వెళ్ళేముందు నా నుదుటి మీద ఈ బొప్పి ఒకసారి చూసి వెళ్ళు. తలుపు తగిలిందని పొద్దున కొట్లో అందరికీ చెప్పాను. అబద్ధం. కూర్చో, రెండు టీలు చెప్పు, నిన్న జరిగింది చెప్తాను. మధ్యలో నవ్వావంటే లేచిపోతాను.

నా సంగతి నీకు తెలుసు. పక్కపక్క కొట్లలోనే కదా మన ఉద్యోగాలు. మిరపకాయల బస్తా మూతి విప్పితే పైన కాయ ఎర్రగా నిగనిగలాడుతుంటుంది. దాన్ని చూసి ఎవరైనా మురిసిపోతారు. నేను మురవను. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగుకాయ పైకి లాగుతాను. సగంసార్లు తాలే. రంగు పోయి, తెల్లబారి, కారం లేని కాయ. ఈ పని చేసీ చేసీ నాకు ప్రతి మనిషి అడుగునా తాలుందేమోనన్న అనుమానం పట్టుకుంది. ఎవరైనా నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఇంటికెళ్ళిందాకా ఆలోచిస్తాను.

మా అత్తగారు పొదిలి నుంచి వచ్చి పెదకాకానిలో మా ఇంట్లోనే ఉన్నారు. మా ఆవిడ రాజ్యానికి నెలలు నిండాయి కదా, సాయానికొచ్చారు. మెట్టసేద్యం చేసే ఇంటి మనిషి. మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది. అలాంటావిడ ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఈసారి మాత్రం ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ ఎక్కాలన్నారు. పైకెళితే గుంటూరంతా కనిపిస్తుందని ఎవరో చెప్పారట. బిడ్డ పుట్టాక తనకు కాలు కదిపే తీరిక ఉండదనీ, ఈలోపే చూపించమనీ అడిగారు. సరేనన్నాను.

బయల్దేరేటప్పుడు రాజ్యం గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది. "మా అమ్మకు గుంటూర్లో ఏ దారి ఎటు పోతుందో తెలియదు. అమ్మ లేకుండా మీరొక్కరే వచ్చారంటే ఈ గుమ్మం ఎక్కొద్దు." అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిండు నెలల మనిషి. 

అందుకని జాగ్రత్తలు తీసుకున్నానురా. నేను తీసుకున్నన్ని జాగ్రత్తలు ఇంకెవరూ తీసుకుని ఉండరు. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

మొదటిది చీర. ఎంత జనంలో ఉన్నా కనపడాలని మంగళగిరి వెళ్ళి మరీ మిరపపండు రంగు చీర కొన్నాను, జానెడు ఆకుపచ్చ అంచుతో. అమ్మినాయన, "మంచి రంగు ఎంచారండీ, మొన్న ఒక ఊరి ఆడవాళ్ళంతా కలిసొచ్చి ఇదే రంగు పట్టుకుపోయారు" అన్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. సరుకు అంటగట్టాలంటే ఎవడైనా ఆ మాటే చెప్తాడు. ఒక ఊరి ఆడవాళ్ళంతా ఒకే చీర కడతారా? నాతోనా ఈ కబుర్లు?

రెండోది గుర్తుమాట. జనంలో మేం విడిపోయామనుకో, ఎవడో వచ్చి 'మీ అల్లుడు పంపాడు, రండమ్మా' అంటాడు. ఆవిడ మెడలో గొలుసుంది. అందుకని ఒక మాట అనుకున్నాం. ఆ మాట చెప్పినవాడి వెంటే వెళ్ళాలి. "నేనే వచ్చి ఎదురుగా నిలబడినా సరే అత్తయ్యగారూ, మాట అడగందే నమ్మకండి. ఈ రోజుల్లో వేషాలు ఎక్కువ" అని కూడా చెప్పాను. ఆవిడ చాలా శ్రద్ధగా తలూపారు. ఇంటి దగ్గర అనుకున్న మాట కందిపచ్చడి. బస్సులో ఎదురు సీటాయన మా వంకే చూస్తున్నాడు. విన్నాడేమోనని గోంగూరకు మార్చాను. గేటు దగ్గర టిక్కెట్లు చించేవాడు అనవసరంగా చిరునవ్వు నవ్వాడు. మళ్ళీ మార్చాను.

ఇంకో సంగతి. నువ్వు మాత్రం పాత చెప్పులే వేసుకో. నేను కొత్తవి వేసుకెళ్ళాను. ఎందుకంటే ఇంట్లో వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని. గేటు దాటకముందే రెండు మడమలూ కొరికి పెట్టాయి. ఎండ చల్లబడ్డాక వెళ్ళు. సాయంత్రమైతే దొంగలు దిగుతారని నేను మిట్టమధ్యాహ్నం తీసుకెళ్ళాను. గేటు అప్పటికింకా తెరవనే లేదు. గోడ నీడ జానెడుంటే ఆవిడ అందులో కూర్చున్నారు, నేను ఎండలో నిలబడి వచ్చేపోయేవాళ్ళను అనుమానంగా చూస్తూ ఉన్నాను. మరచెంబుతో ఇంటినీళ్ళు పట్టుకెళ్ళడం మాత్రం మంచి పని. కానీ మూత బిగించింది నేను. ఎవరూ విప్పకుండా ఎంత బలంగా బిగించానంటే, దాహమైనప్పుడు నాకే రాలేదు. సోడా కొనిమ్మని ఆవిడ అడిగితే ఆ నీళ్ళు ఏ బావివో అని కొననివ్వలేదు. పులిహోర తిని, ఎక్కిళ్ళు మింగుతూ లోపలికి వెళ్ళాం.

జెయింట్ వీల్ చూడగానే ఆవిడ మొహం విప్పారింది. చిన్నపిల్లలా నా చొక్కా అంచు పట్టుకుని లాగారు. కానీ పైకి రంగులేసి దీపాలు కట్టినదాన్ని నేనెలా నమ్ముతాను చెప్పు? అడుగు చూడాలి కదా. ఆవిణ్ణి ఒక స్తంభం దగ్గర నిలబెట్టి, కదలొద్దని చెప్పి, వెనకవైపుకు వెళ్ళాను. వంగి, ప్రతి బోల్టూ వేలితో తిప్పి చూశాను. తిప్పేవాణ్ణి ఎన్నేళ్ళ సర్వీసని అడిగాను. మీకేం కావాలండీ అని వాడు కొంచెం విసుగ్గానే అడిగాడు. ఏదో దాస్తున్నాడనిపించి ఇంకోసారి మొదటినుంచీ చూశాను. తిరిగొచ్చేసరికి స్తంభం ఉంది, అత్తగారు లేరు.

ఇంకేముంది మస్తానూ! గుమ్మంలో రాజ్యం మొహమే కళ్ళముందు కనపడింది. బట్టల కొట్లు, బూరెల కొట్టు, మోటారు సైకిలు నూతిలో తిప్పే డేరా, అన్నీ వెతికాను. మడమలు మంటెత్తుతున్నాయి. చివరికి మైకు డేరాకు పరిగెత్తాను. మైకాయన మంచిగానే మాట్లాడాడు, తప్పిపోయినావిడ పేరు, ఊరు చెప్పమన్నాడు. నేను చెప్పబోయి ఆగాను. పెదకాకాని అని మైకులో చెబితే, అక్కడ నా ఇంట్లో నిండు నెలల ఆడమనిషి ఒక్కతే ఉందని దొంగలకు నేనే కబురు పెట్టినట్టు కాదా?

పేరు చెప్పనన్నాను. ఊరూ చెప్పనన్నాను. మీ పేరైనా చెప్పండన్నాడు. అదీ చెప్పనన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూసి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, "ఒక మనిషి తప్పిపోయారు. ఆ మనిషి ఎక్కడున్నా, ఇంకో మనిషి ఎదురుచూస్తున్నారు" అన్నాడు. ఎగ్జిబిషన్‌కొచ్చినవాళ్ళంతా నవ్వారు. వాడు కావాలనే అలా అన్నాడని నా అనుమానం.

డేరా బయటికి రాగానే కనపడింది. మిరపపండు రంగు, జానెడు ఆకుపచ్చ అంచు. అటు తిరిగి గబగబా వెళ్ళిపోతున్నారు. ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి, జబ్బ పట్టుకుని, "ఎవరి వెంట పోతున్నారు అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ ఇటు తిరిగింది. ఎవరో. చేతిలో కోలాటం కర్ర. ఆ కర్ర ఎక్కడ తగిలిందో నీకు కనపడుతూనే ఉంది. నేను వెనక్కి తూలి చూస్తే అదే చీరలో ఇంకొకావిడ, ఆవిడ పక్కన మరొకావిడ. ఆరోజు స్టేజీ మీద ఆడటానికొచ్చిన కోలాటం జట్టురా అది. ఒక ఊరి ఆడవాళ్ళంతా ఒకే చీర. మంగళగిరాయన నిజమే చెప్పాడు. అందరి చేతుల్లోనూ కర్రలే. ఆ నిమిషంలో ఎర్రటోపీ హెడ్డు కానిస్టేబులు వచ్చాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా తల మీద ఇంకో బొప్పి కట్టడానికి చోటు మిగిలేది కాదు.

నన్ను తీసుకెళ్ళి అదే మైకు డేరాలో కూర్చోబెట్టాడు. మైకాయన నన్ను చూసి, "ఈయనేనండీ, పేరు చెప్పనన్నాయన. అప్పుడే నాకు అనుమానం వేసింది" అన్నాడు. అనుమానమట. నామీద. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా అత్తగారి కోసం వెతుకుతున్నానని ఎంత చెప్పినా హెడ్డు నమ్మడే. పట్టుబడ్డవాళ్ళందరికీ ఒక అత్తగారు ఉంటుందన్నాడు.

అప్పుడు డేరా తెర తొలగించుకుని రూతమ్మ టీచరుగారని ఒకావిడ వచ్చారు. తప్పిపోయినవాళ్ళను చూసుకోవడానికి పెట్టిన వాలంటీరు ఆవిడ. వెనకాలే మా అత్తగారు. ఒక చేతిలో పీచుమిఠాయి, ఇంకో చేతిలో సోడా. స్తంభం దగ్గర ఒంటరిగా నిలబడి పైకి చూస్తుంటే టీచరుగారు పలకరించి, తోడు కూర్చుని, జెయింట్ వీల్ ఎక్కించారట. ఒకసారి సరిపోలేదని మళ్ళీ ఎక్కారట. నేను కిందంతా గాలిస్తుంటే ఆవిడ పైన తిరుగుతున్నారు. ఒక్కసారైనా తలెత్తి చూడలేదురా నేను. నాకు అడుగు చూసే అలవాటే గానీ పైకి చూసే అలవాటెక్కడుంది?

"గుంటూరంతా కనిపించింది" అన్నారు అత్తగారు. నా నుదురు చూసి, "అదీ కనిపించింది" అన్నారు.

హెడ్డు అడిగాడు. "ఈయన మీ అల్లుడేనా అమ్మా?"

ఆవిడ నన్ను తేరిపార చూశారు. "అలాగే ఉన్నారు బాబూ. కానీ మా అల్లుడుగారే చెప్పారు, తనే వచ్చి ఎదురుగా నిలబడినా గుర్తుమాట అడగందే నమ్మొద్దని. మాట చెప్పమనండి."

నేను ఠకీమని, "కందిపచ్చడి" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "గోంగూర" అన్నాను. మళ్ళీ ఊపారు. ఆయన ఆకలి మీద ఉన్నట్టున్నారని మైకాయన అన్నాడు. గేటు దగ్గర మార్చిన మాట ఏమిటో ఎంత కొట్టుకున్నా గుర్తు రాదే. నుదురు రుద్దుకుంటే బొప్పి తగిలింది, అంతే.

ఇక చాలనుకున్నారో ఏమో, నన్నే చూస్తూ మా అత్తగారు నింపాదిగా అన్నారు. "తాలు."

హెడ్డు అటూ ఇటూ చూశాడు. గుంటూరు మనిషి కదా, తాలంటే ఏమిటో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. "అది గుర్తుమాటా అమ్మా, ఈయన సంగతి చెప్తున్నారా?" అని అడిగాడు.

"రెండూనయ్యా" అన్నారు ఆవిడ.

దీపాలు పెట్టే వేళకు పెదకాకాని చేరాం. చెప్పులు చేతిలో పట్టుకుని, కుంటుకుంటూ నేను వీధి మలుపు తిరిగేసరికి ఆవిడ ముందే ఇంట్లోకి వెళ్ళిపోయారు. తలుపు వేసి ఉంది. లోపల తల్లీ కూతుళ్ళ నవ్వులు వినపడుతున్నాయి. చాలాసేపటి నవ్వు అది. తలుపు కొట్టాను.

"ఎవరూ?" అంది రాజ్యం.

"నేనే."

"నేనంటే నమ్మం. ఈ రోజుల్లో వేషాలు ఎక్కువట."

అరుగుల మీద ఇరుగుపొరుగు అందరూ కూర్చుని ఉన్నారు. అందరూ మాటలాపి నా వైపే చూస్తున్నారు. ఏం చేస్తాను మస్తానూ, మడమలు మండిపోతున్నాయి, మరచెంబు మూత ఇంకా రాలేదు. వీధంతా వినపడేలా చెప్పాను.

"తాలుని. తలుపు తియ్యి."