శుక్రవారం గంటసేపు తీయని తలుపు

మంగళవారం పొద్దున్న ఆఫీసుకి తయారవుతుంటే ఎదురు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళలో చిన్నామె వచ్చి బెల్లు కొట్టింది. వాళ్ళతో ఉండే నర్సు, మేమంతా సిస్టర్ అనే ఆవిడ, పోయిందని చెప్పింది. ఆసుపత్రిలో డ్యూటీ దిగి స్టాఫ్ బస్సు ఎక్కిందట, కిటికీ పక్కన కూర్చుందట. ఈ గల్ఫ్ ఊళ్ళో మేముండే పేట ఉమ్ ఘువైలినా, అక్కడ మా వీధి మలుపు దగ్గర బస్సు ఆగితే దిగలేదట. గుండె అన్నారు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, అనుమానం. రాత్రి వెళ్తూ మెట్ల దగ్గర నాతో పరాచికాలాడిన మనిషి పొద్దున్నకి ఎలా పోతుంది, వీళ్ళేదో దాస్తున్నారు అనుకున్నాను. నా బుద్ధే అంత.

వెస్ట్ బేలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పదేళ్ళుగా కూర్చుంటున్నాను. లోపలికి వచ్చినవాళ్ళ చేతిలో ఫైలు, కాలి చెప్పులు చూసి ఎందుకొచ్చారో చెప్పేస్తాను. ఇంటికొచ్చాక కూడా ఆ కన్ను మూతపడదు. మా తలుపుకున్న చిన్న కన్నంలోంచి ఎదురింటిని చూసినంతగా నేను టీవీ కూడా చూడలేదు.

ఆ ఇంట్లో ఐదుగురు ఆడవాళ్ళుండేవారు, అందరూ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళే. చిన్నామె స్కూలు బస్సులో ఆయా. ఇద్దరు మాల్‌లో క్లీనింగ్ చేస్తారు, ఒకామె బ్యూటీ పార్లర్‌లో జడలు అల్లుతుంది. అందరికంటే పెద్దది సిస్టర్, కెన్యా ఆవిడ, నలభై దాటింది, నర్సు. వాళ్ళు దిగిన రోజున మా బిల్డింగ్‌లో మనవాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయను. నేనూ అన్నాను. ఇంట్లో బిడ్డ పుడితే ముందు చెవి వెనక రంగు చూసేవాళ్ళం, పరాయివాళ్ళని వదులుతామా!

ఇక్కడ సెలవు శుక్రవారం. ఆ శుక్రవారాలే నన్ను నిలవనిచ్చేవి కావు. పొద్దున్న పది కాగానే ఆ తలుపు గడియ పడేది. తర్వాత ధబ్ ధబ్‌మని చప్పుడు. మధ్యలో అరుపులు, పొట్ట చెక్కలయ్యే నవ్వులు. ఎక్కడో లోతులోంచి ఫోన్లు మోగుతుండేవి, ఒక్కరూ ఎత్తేవారు కాదు. ఫోను మోగితే ఎత్తని ఆడవాళ్ళు నాకు తెలిసి లేరు. నాటుసారా కాస్తున్నారేమో అనుకున్నాను. మా వాచ్‌మన్‌ది జగిత్యాల దగ్గర పల్లె. అతన్ని పిలిచి కనుక్కోమన్నాను. వాళ్ళ జోలికి మనమెందుకమ్మా, మంచోళ్ళేనని తేల్చేశాడు. దాంతో అతని మీద కూడా అనుమానం వచ్చింది.

అప్పుడు మా అత్తగారు మండపేట నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఒక శుక్రవారం పదింపావుకి వెళ్ళి ఎదురు తలుపు బాదాను. అత్తయ్యకి కళ్ళు తిరుగుతున్నాయి, బీపీ చూడాలి అన్నాను. నిజానికి ఆవిడ శుభ్రంగా సోఫాలో కూర్చుని పెసరట్టు తింటున్నారు. లోపల ఏముందో చూడాలని నేనే ఆ జబ్బు పుట్టించాను.

తలుపు తీసేసరికి సిస్టర్ చెమటతో తడిసిపోయి ఉంది. వెనకాల సోఫాలు గోడకి జరిపేశారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు, వాళ్ళ చీలమండల చుట్టూ పొడవాటి ఎలాస్టిక్ పట్టీ సాగదీసి ఉంది. మిగతా ఇద్దరు పావడాలు ఎగదోపుకుని తమ వంతు కోసం చూస్తున్నారు. మూలన మూత పెట్టిన అన్నం గిన్నె, అందులోంచి ఫోను మోగుతోంది. అంతే! పట్టీ తగలకుండా అటూ ఇటూ దూకుతూ పిల్లలు స్కూల్లో ఆడుకునే గెంతులాట. సిస్టర్ ఒక్క మాట అడగకుండా బీపీ మిషను పట్టుకుని ఉత్త కాళ్ళతో మా ఇంటికొచ్చింది. అత్తగారి చెయ్యి పట్టుకుని చూసింది, ప్లేటులో అట్టు చూసింది, నా మొహం చూసింది. బాగానే ఉందని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నన్ను 'పోలీస్' అని పిలవడం మొదలుపెట్టింది.

మా ఇద్దరి మధ్య ఇంగ్లీషు, సగం సగం హిందీ నడిచేది. అలా కొంచెం కొంచెంగా ఆవిడ సంగతి తెలిసింది. ఊళ్ళో తల్లి, చనిపోయిన అక్క పిల్లలు ముగ్గురు, తన కూతురు, అందరూ ఆవిడ మీదే. వార్డులో ఎవరు సెలవు పెట్టినా ఆవిడనే నిలబెట్టేవారు. కొత్తగా దిగిన అమ్మాయిలకి జ్వరమొస్తే క్లినిక్‌కి తీసుకెళ్ళేది, కంపెనీకి రాయాల్సిన కాగితాలు రాసిపెట్టేది. ఇక మా బిల్డింగ్ సంగతి చెప్పక్కర్లేదు. పిల్లాడి దగ్గు, పెద్దాయన షుగరు, ఇండియా నుంచి వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టు, అన్నిటికీ ఆ తలుపే. మనవాళ్ళు మెచ్చుకుంటూ చెప్పేవారు, వాళ్ళ ఒళ్ళు గట్టిది, అలసట తెలీదు అని. ఒకసారి నేనూ ఆవిడ ముందే అన్నాను, నువ్వు చాలా స్ట్రాంగ్ అని.

ఆవిడ నవ్వలేదు. "ఆ మాట అనకు పోలీస్. నన్ను స్ట్రాంగ్ అన్న ప్రతి మనిషీ ఆ వెంటనే ఒక పని చెప్పారు," అంది.

నేను నాలిక్కరుచుకున్నాను. ఎందుకంటే నా చేతిలో అప్పటికే అత్తగారి మందుల చీటీ ఉంది.

అప్పుడే ఆ గంట సంగతి కూడా చెప్పింది. చిన్నప్పుడు బడి అరుగు ముందు ఈ ఆటలో తనని ఓడించినవాళ్ళు లేరట. ఇక్కడికొచ్చిన కొన్నేళ్ళకి ఒకరోజు వార్డులో బట్టలు మార్చుకుంటుంటే పాత ఎలాస్టిక్ తెగి చేతికొచ్చిందట, దాన్ని పారెయ్యబుద్ధి కాక ఇంకొన్ని ముడేసి ఈ పట్టీ చేసిందట. వాళ్ళ ఆటలో ఒక్కటే నిబంధన. ఇల్లు, డ్యూటీ, ఊరు, ఈ మూడింటిలో దేని పేరెత్తినా ఔట్. ఎవరైనా వ్యాయామమా అని అడిగితే ఆవిడకి ఒళ్ళు మండేది. "దేనికీ పనికిరాదు, అందుకే ఆడతాం," అనేది.

నన్నూ ఒకసారి ఆడించింది. నైటీ మీద చున్నీ కట్టుకుని గెంతాను. వంతు వంతుకీ పైకి జరుపుతూ పట్టీ మోకాళ్ళదాకా వచ్చేసరికి నాకు తగిలింది. తగల్లేదని వాదించాను, మీరందరూ కలిసి మోసం చేస్తున్నారన్నాను. సిస్టర్ నేలమీద చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మధ్యాహ్నం నిద్రపోయినట్టు నేనెప్పుడూ పోలేదు. బయటికొస్తుంటే నెమ్మదిగా అడిగింది, ఈ గంటలో ఆడటానికైతే రా, పనికైతే తలుపు కొట్టకు అని. సరేనన్నాను.

ఆ మాట మీద నిలబడ్డానా? లేదు. ఆవిడ పోయే ముందు శుక్రవారం మా పెదనాన్న కూతురి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. కంగారుపడాల్సిందేమీ లేదని నాకే తెలుసు. అయినా పదిన్నరకి ఆ తలుపు కొట్టాను. సిస్టర్ వచ్చింది, గుమ్మంలోనే నిలబడి ఫోనులో చిన్న అక్షరాలన్నీ చదివింది, భయం లేదని చెప్పింది. నాతో మాట్లాడుతుండగా లోపల గిన్నె మూత తీసిన చప్పుడైంది. తలా ఒక ఫోను తీసుకున్నారు. ఆట అక్కడితో అయిపోయింది.

పెట్టెలో ఆవిడని వాళ్ళ దేశం పంపించిన రోజు చిన్నామెని అడిగాను, సిస్టర్ బీపీ ఎవరు చూసేవారని. ఎవరూ చూడలేదంది. మా నాలుగంతస్తుల్లో ఆవిడ చెయ్యి పట్టని మనిషి లేడు, ఆవిడ చేతికి పట్టీ చుట్టి చూసినవాళ్ళు లేరు. అందరినీ అనుమానించాను, కన్నానికి అటువైపున్న వాళ్ళందరినీ. ఇటువైపున్న దాన్ని ఒక్కసారి అనుమానించలేదు. ఆ గంట వదిలేసి ఉంటే ఆవిడ బతికేదా అంటే నేను డాక్టర్ని కాదు. కానీ ఆ బరువులో నా చెయ్యి కూడా ఉంది. సిస్టర్, తప్పయిపోయింది.

తర్వాత వచ్చిన శుక్రవారం ఎదురింట్లో చప్పుడు లేదు. ఆ పై శుక్రవారమూ లేదు. మూడోవారం నేనే వెళ్ళి ఆడమన్నాను. చిన్నామె తల అడ్డంగా ఊపింది. పెద్దామె లేదు కదా, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, తలుపు తీయకుండా ఉండే ధైర్యం మాకు లేదు అంది. ఆ సంగతి నాకొదిలెయ్యమన్నాను. మా వంటింటి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వాళ్ళ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. లోపల గడియ పడింది.

మొదట రెండో అంతస్తు ఆవిడ స్కూలు బస్సు సంగతేదో చిన్నామెని అడగాలని కాగితంతో వచ్చింది, పదకొండు తర్వాత రమ్మన్నాను. తర్వాత లిఫ్టులోంచి వాచ్‌మన్ దిగాడు.

"అమ్మా, క్లీనింగ్ కంపెనోడు కిందికొచ్చిండు. మాల్‌ల ఒకామె తక్కువ వడ్డదంట. వీళ్లల్ల ఎవర్నన్న డ్యూటీకి తోలుమంటుండు."

"వాళ్ళకి ఈ రోజు సెలవు. లేరని చెప్పు."

"ఉన్నరు గదమ్మా. సప్పుడు ఇనవడ్తలేదా?"

"నాకేం వినపడటం లేదు," అన్నాను.

అతను నన్ను చూశాడు, తలుపు చూశాడు, మళ్ళీ లిఫ్టు బటన్ నొక్కాడు. నా కుర్చీ కాళ్ళ కింద నేల అదురుతోంది. లోపల ఎవరో పట్టీ తొక్కినట్టున్నారు. ఔటని ముగ్గురు, కాదని ఒకామె, గట్టిగా పోట్లాడుకుంటున్నారు.