పసుపునీళ్ళు తాగిన కంప్యూటర్

మా చిన్నప్పుడు... రేపల్లెలో మా ఇంటి కంప్యూటర్‌కి పాత పట్టుచీరతో కుట్టిన ముసుగు ఉండేది. గది బయటే చెప్పులు విప్పాలి, కాళ్ళు కడుక్కోవాలి. మానిటర్ నుదుటన కుంకుమ బొట్టు. ఇంట్లో మనుషుల కన్నా దానికే మడి ఎక్కువ!

ఆ ఏడు దసరా ఆయుధపూజ రోజున మా నాన్న సీపీయూ పెట్టెకి పక్కవైపు ఉండే గాలి కన్నాల్లో అగరొత్తులు గుచ్చారు... మామిడాకుతో పసుపునీళ్ళు చల్లారు. అన్నట్టు, మా నాన్న సైన్సు మాస్టారు.

మర్నాడు స్విచ్ నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. పెట్టెలోంచి టీ... టీ... టీ... అని ఒకటే అరుపు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. సరిగ్గా ఆ రోజే నన్ను దూరంగా కూర్చోబెట్టారు. వసారాలో చాప, వేరే గ్లాసు, వేరే కంచం. ఇంకేం... నేరస్థురాలు దొరికింది!

"ఇదే ముట్టుకుని ఉంటది. పొద్దున ఆ గదిలోంచి రావడం నా కళ్ళతో చూశా," అంది నాయనమ్మ.

"పుస్తకం తెచ్చుకోడానికి వెళ్ళాను. దాని జోలికే పోలేదు."

"గదిలోకి పోతే చాలదా? గాలి తగలదా ఏంటి?"

అన్నయ్య కిసుక్కున నవ్వాడు. నాన్న తీర్పు చెప్పారు. "ఇక నువ్వు కంప్యూటర్ దగ్గరికి రావద్దమ్మా. ఈ మూడు రోజులే కాదు, అసలు వద్దు. అన్నయ్య నేర్చుకుంటాడులే."

అసలు వద్దు! అన్నయ్య దానిమీద కార్ల ఆట తప్ప ఏమీ ఆడేవాడు కాదు. చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకునేది నేను. అది పోతే నాకు మిగిలేది బడి, వంటిల్లు, ఈ వసారా...

చాప మీంచి లేచి, తిన్నగా ఆ గదిలోకి నడిచాను. నాయనమ్మ కేకలు పెడుతూనే ఉంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కుట్టుమిషను సొరుగులోని స్క్రూడ్రైవర్ తీసింది. ఆ రోజుల్లో నాకేదైనా ఇవ్వాలంటే నేల మీద పెట్టేవాళ్ళు. అమ్మ నేల మీద పెట్టలేదు... నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

ప్లగ్ పీకేశాను. ఒంట్లో ఉండే కాస్త కరెంటూ పోవాలని కిటికీ ఊచ పట్టుకున్నాను. మూత విప్పితే... లోపలంతా అగరొత్తి బూడిద. ర్యామ్ ముక్క అంచున ఎండిన పసుపు మరకలు! అంతకుముందు వానాకాలం ఇలాగే అరిస్తే, తెనాలి నుంచి ప్యాసింజర్లో వచ్చిన రిపేరతను పెన్సిలు రబ్బరుతో ఆ అంచే రుద్దాడు. ఆ రబ్బరు నాదే. పక్కనే నిలబడి చూశాను.

ముక్క ఊడదీసి, అదే రబ్బరుతో రుద్దాను. టక్కుమనేదాకా నొక్కి పెట్టి, మూత బిగించి, స్విచ్ వేశాను. ఒక్కటే టీ... తెర వెలిగింది.

"నాన్నా, ఈ పసుపు ఎవరు చల్లారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నాయనమ్మ ఊరుకుంటుందా? చెంబుతో వచ్చేసింది. "జరగవే. మైలపడింది, శుద్ధి చెయ్యాల."

చెంబులో ఏముంది? మళ్ళీ పసుపునీళ్ళే! సీపీయూని రెండు చేతులా కావలించుకున్నాను. "మైల నాదే కదా నాయనమ్మా... నా మీదే పొయ్యి."

పోసింది. జడ, వీపు, పరికిణీ అన్నీ తడిశాయి. పెట్టె మీద చుక్క పడలేదు.

ఆ తడి బట్టలతోనే కుర్చీలో కూర్చున్నాను. ఒక్కరూ లేపలేదు. లేపాలంటే నన్ను ముట్టుకోవాలి కదా!

అదంతా పాతకాలం అంటారు కొందరు. అవునా? మొన్న తెనాలిలో చుట్టాలింట్లో వైఫై ఆగిపోయింది. "ఈ మూడు రోజుల్లో దాని దగ్గరికి గానీ వెళ్ళావా ఏంటి?" అని కోడల్ని అడిగింది అత్తగారు. చూస్తే రౌటర్ ప్లగ్ ఊడిపోయి ఉంది. కంప్యూటర్లు చేతి సంచిలో పట్టేంత చిన్నవైపోయాయి... ఈ అనుమానం మాత్రం అంగుళం తగ్గలేదు.

"మన ఆచారాలకి అర్థం ఉందండి" అంటూ కింద కామెంట్లలోకి కొందరు వస్తారు. రండి. ముందు ఇది చెప్పండి... మీ ఇంట్లో ఏది చెడిపోతే ఏ ఆడపిల్ల వంక చూశారు?

అమ్మాయిలూ, మీరూ రాయండి. కుర్చీలోంచి లేవకుండా రాయండి.