నాలుగు గీతలు చదివిన మావయ్య

మావయ్య పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. బిష్టుపూర్‌లో నేను పాఠాలు చెప్పే స్కూల్లో మూడో పీరియడ్ నడుస్తోంది. అత్త పనివేళల్లో ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. అందుకే వరండాలోకి వచ్చి ఎత్తాను. "మీ మావయ్య టీ తాగి కుర్చీలో కూకున్నారమ్మా. మరి లెగలేదు," అంది.  క్లాసులోకి తిరిగి వెళ్లి పిల్లలకి ఏదో పని అప్పజెప్పి, పక్క టీచరుకి చెప్పి, ఆటోలో సోనారిలో ఉన్న వాళ్లింటికి వెళ్లాను.

ఆయన మా అమ్మకి అన్నయ్య. శ్రీకాకుళం వైపు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో జంషెడ్‌పూర్ వచ్చాడు. ఖర్కాయి నది అవతల, ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫోర్జ్ షాపులో చేరాడు. ఎర్రగా కాల్చిన ఇనుమును పెద్ద మెషిన్ సుత్తి కింద పెట్టి, ఆకారానికి తెచ్చే చోటు అది. ముప్పై ఎనిమిదేళ్లు ఆ సుత్తి పక్కనే నిలబడ్డాడు. చెవులకి పెట్టుకోమని ప్లగ్గులు ఇచ్చేవారు. ఈయనే తీసి జేబులో వేసుకునేవాడు. అవి పెట్టుకుంటే మెషిన్ ఏమంటోందో తనకి తెలియదట. రిటైరయ్యేనాటికి మెషినే కాదు, మనుషులు ఏమంటున్నారో కూడా తెలియకుండా పోయింది. డాక్టరిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే చెంచాలు కూడా రేకుల షెడ్డు మీద రాళ్లు పడ్డట్టు మోగుతున్నాయని దాన్నీ జేబులోనే పెట్టుకున్నాడు.

వినికిడి పోవడం కంటే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది పాట పోవడం. మా తెలుగు చర్చి క్వయర్‌లో అందరికంటే లోతుగా వినపడే అడుగు స్వరం పాడేది ఆయనే. నా చిన్నప్పుడు ఆయన గొంతు బెంచీల కింద నుంచి వస్తున్నట్టు ఉండేది. చెవి మందగించాక ఒక ఆదివారం శ్రుతి తప్పి పాడుతూంటే, ముందు వరసలో ఇద్దరు పిల్లలు నవ్వుకున్నారు. ఆయనకి నవ్వు వినపడలేదు, వాళ్ల భుజాలు కదలడం కనపడింది. ఆ రోజు నుంచి వెనక తలుపు పక్క బెంచీలో కూర్చునేవాడు. చివరి పాట మొదలవకముందే లేచి బయటికి వెళ్లి స్కూటరు దగ్గర నిలబడేవాడు.  

నేను కాలేజీ రెండో సంవత్సరంలో ఉండగా మేం ముగ్గురం అమ్మాయిలం ఒక బ్యాండు పెట్టుకున్నాం. మా డ్రమ్మర్ వాళ్ల అన్నయ్య పూణే వెళ్లిపోతూ తన బేస్ గిటార్ వదిలి వెళ్లాడు. మామూలు గిటార్‌కి ఆరు తీగలైతే దీనికి నాలుగే. లావుగా ఉంటాయి. పాటకి అడుగున వినపడే ఆ బరువైన శబ్దం వాటిదే. కాలేజీ ఫంక్షన్‌కి ఒక హిందీ పాప్ పాట ఎంచుకున్నాం. ఆ ఏడాది ఊళ్లో ప్రతి ఆటోలోనూ అదే పాట. పాడుతూ బేస్ వాయించడం నా వంతు. నాకు స్వరాలు చదవడం రాదు. అందుకని నెట్‌లోంచి ఆ పాట ట్యాబ్ మూడు కాగితాల మీద ప్రింటు తీసుకున్నాను. ట్యాబ్ అంటే అడ్డంగా నాలుగు గీతలు, ఒక్కో తీగకి ఒక్కో గీత. గీత మీద ఏ అంకె ఉంటే ఆ తీగని గిటార్ మెడ మీద అన్నో గడిలో నొక్కాలి. సున్నా ఉంటే నొక్కకుండా మీటాలి.

మా నాన్నకి నైట్ డ్యూటీలు. పగలు పడుకుంటారు. అందుకని మధ్యాహ్నాలు రెండు సందుల అవతల ఉన్న మావయ్యగారింటికి గిటార్ పట్టుకుపోయేదాన్ని. మావయ్యకి ఎలాగూ వినపడదు కదా అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇవాళ సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అదే.

వారం రోజులు వాయించాను. వేళ్లు బొబ్బలెక్కాయి కానీ పాట దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఎదురుగా పేపరు చదువుకుంటున్న మావయ్య ఒకరోజు కాగితం అందుకుని, "ఏటిది?" అన్నాడు. నేను అలవాటుగా హిందీలో జవాబిచ్చాను. మా వయసు వాళ్లం ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో అడిగితే హిందీలోనే బదులు చెప్పేవాళ్లం. ఆయన నా పెదాల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన పెదాలు చదివేది తెలుగులోనే. తడుముకుంటూ తెలుగులో చెప్పాను. ఈ నాలుగు మాటలు ఇవాళ తెలుగులో రాయగలుగుతున్నానంటే దానికి మొదలు ఆ మధ్యాహ్నమే.

అంతా నా పెదాల మీద చదువుకుని ఆయన కాగితాన్ని ఫోర్జ్ షాపు డ్రాయింగ్ చూసినట్టు చూశాడు. తీగల పేర్లు అడిగాడు. అన్నిటికంటే లావు తీగ 'ఇ' అని చెప్పాను. "మరి ఇక్కడ 'ఇ' అచ్చరం అడుగు గీతకి ఉంది గదా. నువ్వు పై గీత సూసి లావు తీగ వాయిత్తన్నావు. తల్లకిందులు సదువుతున్నావు పాపా," అన్నాడు.

నిజమే. గిటార్ ఒళ్లో పెట్టుకుంటే లావు తీగ పైన ఉంటుంది, కాగితం మీద మాత్రం అడుగున ఉంటుంది. వారం రోజులుగా పాటని తిరగేసి వాయిస్తున్నాను. వినపడే నాకు ఏం తప్పో తెలియలేదు, ఒక్క స్వరం వినపడని ఆయన కళ్లతో పట్టుకున్నాడు.

ఈసారి సరిగ్గా వాయించాను. మావయ్య గిటార్ చెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత తనకిమ్మన్నాడు. ఒళ్లో పెట్టుకుని, ఛాతీకి ఆనించుకుని లావు తీగని బొటనవేలితో ఒక్కసారి మీటి, అది పూర్తిగా ఆగేదాకా కదలకుండా కూర్చున్నాడు. మళ్లీ మీటాడు. "ఇది నాకు వినపడతంది," అన్నాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చిన అత్త చేతిలో తడిగుడ్డతో అలాగే నిలబడిపోయింది.

మర్నాటి నుంచి ఇద్దరం నేర్చుకున్నాం. ట్యాబ్‌లో ఒక చిక్కుంది. ఎక్కడ నొక్కాలో చెబుతుంది కానీ ఎంతసేపు ఆగాలో చెప్పదు. అది పాట విని తెలుసుకోవాలి. నేను ఫోన్‌లో పాట వింటూ ఆయన మోకాలి మీద తాళం వేసేదాన్ని. ఆయన పెన్సిలుతో అంకెల కింద ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని రాసుకునేవాడు. మూడు కాగితాలూ అలా నింపడానికి పది రోజులు పట్టింది. ఇనుము పట్టి కాయలు కాసిన ఆ వేళ్లకి తీగలు ఒక లెక్క కాదు. ఎప్పుడో విరిగి అతికిన ఎడమ చిటికెన వేలు మాత్రం వంగేది కాదు. ఆ వేలికి రావలసిన గడులన్నీ ఉంగరం వేలికి అప్పగించి, చెయ్యి జరపడం వేరేగా నేర్చుకున్నాడు.

నేను తొందరపడితే ఆపేవాడు. "నెమ్మదిగా తప్పు సెయ్యి, దొరుకుతాది," అనేవాడు. అంకెలకి మధ్య ఉన్న ఉత్త గీతల్ని నేను దాటేసి పరిగెడితే, వేలితో చూపించి, "ఇది కూడా పాటే. దీన్ని కూడా వాయించాల," అనేవాడు. ఖాళీని వాయించడమేమిటో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఫంక్షన్‌కి మూడు వారాలుందనగా అసలు సంగతి తేలిపోయింది. వాయిస్తే నాకు పాట ఆగిపోతోంది, పాడితే చెయ్యి ఆగిపోతోంది. మావయ్య మాత్రం పాట మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా వాయిస్తున్నాడు. నా బదులు బేస్ మావయ్య వాయించవచ్చా అని స్నేహితుల్ని అడిగాను. కీబోర్డు వాయించే అమ్మాయి ముఖం చిట్లించింది. డ్రమ్మర్ మాత్రం ఒకసారి మావయ్యగారింటికి వచ్చి విని, ఆయనే వాయించాలంది. ఫంక్షన్ చూసుకునే మేడమ్ బయటివాళ్లు అతిథిగా రావచ్చన్నారు.

ఒప్పుకోనిది మావయ్యే. నలుగురూ నవ్వుతారన్నాడు. నవ్వరని నేనూ, నవ్వితే నవ్వుతారని అత్తా రెండు రోజులు చెప్పి చూశాం. మూడో రోజు ఆయన ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా, మెల్లగా చెప్పాను.

"నీకు వినపడకపోతే ఏం మావయ్యా, నాకు వినపడుతుంది కదా. తప్పొస్తే నేను చెప్తాను."

"అబద్ధం ఆడకుండా సెప్తావా?"

"ఆడకుండా చెప్తాను."

మావయ్య గిటార్ అందుకున్నాడు.

ఫంక్షన్ బిష్టుపూర్‌లో ఒక హాల్లో జరిగింది. మావయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఫోర్జ్ షాపు నల్లబూట్లు పాలిష్ చేసుకుని వచ్చాడు. తాళం చూసుకోవడానికి డ్రమ్మర్ కాలు కనపడేలా ఆయన కుర్చీ వేశాం. బేస్ అదురు వీపుకి తెలిసేలా పెద్ద స్పీకరుని కుర్చీ వెనక ఆనించాం. తెర లేవగానే హాల్లో కొందరు నవ్వారు. నేను విన్నాను. ఆయనకి కనపడకూడదని కాస్త జరిగి అడ్డం నిలబడ్డాను.

మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణం దగ్గర నాకు మాటలు పోయాయి. ఒక్క అక్షరం గుర్తు రాలేదు. నేను ఆగిపోవడం చూసి కీబోర్డు అమ్మాయి చేతులు తీసేసింది. డ్రమ్మర్ నా వంక చూస్తూ లెక్క తప్పి ఆగిపోయింది. అంత పెద్ద హాల్లో మిగిలింది మావయ్య బేస్ ఒక్కటే. నిదానంగా, ఒకటీ రెండూ మూడూ నాలుగూ. ఆయన తలెత్తలేదు, వేగం పెంచలేదు. నాలుగు లెక్కలు, ఎనిమిది లెక్కలు గడిచాయి.  డ్రమ్మర్ కాలు మళ్లీ కదిలింది. కీబోర్డు వచ్చి కలిసింది. ఆ తాళం మీద అడుగు పెట్టేసరికి మాటలు వాటంతటవే నా నోటికొచ్చాయి. పాట అయ్యాక లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లు, అది మేం కావాలని అలా కూర్చుకున్నామనుకున్నారు.

తెర వెనక ఆయన మొదట అడిగింది ఒకటే. తప్పొచ్చిందా అని. తప్పు మాదేనని, తనది కాదని చెప్పాను.

"తెల్సు. ఆ పాప కాలు ఆగిపోడం సూసాను," అన్నాడు. "నాను కూడా ఆగిపోతే మీరు ఎక్కడికి తిరిగొత్తారు?"

తర్వాతి ఆదివారం చర్చిలో మావయ్య చివరి పాటకి బయటికి వెళ్లలేదు. నెల తిరక్కుండా క్వయర్ పక్కన గిటార్‌తో కూర్చున్నాడు. పొడుగు నోటుపుస్తకంలో స్కేలుతో నాలుగేసి గీతలు గీసుకుని, క్వయర్ పిల్లల్ని మోకాలి మీద తాళం వెయ్యమని, పాటలన్నీ తనే ట్యాబ్ రాసుకున్నాడు. ఒకప్పుడు భుజాలు కదిలిస్తూ నవ్విన ఇద్దరిలో ఒకడు ఆయన దగ్గరే బేస్ నేర్చుకున్నాడు. తొమ్మిదేళ్లు ఆయన చెయ్యి మీదే మా చర్చి పాడింది. నేను టీచర్నయ్యాను. ఆ పాప్ పాట తప్పు లేకుండా వాయించడం నాకు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది కానీ, పాడుతూ వాయించడం ఇవాళ్టికీ రాదు. క్లాసులో ఒక పిల్ల లెక్క మధ్యలో బిక్కచచ్చిపోతే, నేను పక్కన కూర్చుని అదే లెక్క నిదానంగా చేస్తూ ఉంటాను. ఆ పిల్ల ఎప్పుడో ఒకప్పుడు వచ్చి కలుస్తుంది. అది నాకు ఎవరు నేర్పారో పిల్లలకి చెబుతూ ఉంటాను, కాస్త గర్వంగానే.

మావయ్యని మట్టి చేసిన రోజు సమాధుల తోటకి ఫోర్జ్ షాపు వాళ్లు పదిమంది దాకా వచ్చారు. షిఫ్ట్ దిగి నేరుగా వంతెన దాటి వచ్చినట్టున్నారు, నీలం యూనిఫారాల మీద మసి అలాగే ఉంది. వాళ్లలో సగం మందికి చెవులు ఎప్పుడో పోయాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాక, వాళ్లలో ఇద్దరు వెనక వరసలో గుసగుసలాడుకుంటున్నామనుకుని గట్టిగా మాట్లాడుకోసాగారు. "బేస్ బజాతా థా," అన్నాడొకాయన, బేస్ వాయించేవాడని. "ఏక్ భీ తాల్ నహీ ఛోడ్‌తా థా," అన్నాడు రెండో ఆయన, ఒక్క తాళం కూడా వదిలేవాడు కాదని. మొదటాయనకి వినపడలేదు. రెండో ఆయన ఇంకా గట్టిగా మళ్లీ చెప్పాడు. ఆ మాట తోటంతా వినపడింది. ఎవరూ వాళ్లని ఆపలేదు. పాస్టరుగారు కళ్లు మూసుకునే, వాళ్లు చెప్పుకోవడం అయ్యేదాకా, ప్రార్థన ఆపి నిలబడ్డారు.