పూత నిలిచే కాలం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హోసూరులో పళ్ళ డాక్టరుగా కుదురుకుంటున్నప్పుడు నాకు ఒకటే పట్టుదల: మా నాయన మళ్ళీ నోరారా నవ్వాలి. కృష్ణగిరి పక్కన మా మామిడితోటలో కాయలు కోసే దోటి జారి మూతికి తగిలి ఆయన ముందుపన్ను ఊడిపోయింది. అప్పటినుంచి నవ్వొస్తే చేయి అడ్డం పెట్టుకునేవాడు. తోట ఆ చివర నవ్వితే ఈ చివర వినిపించే మనిషి! ఆ అడ్డం పెట్టిన చేయి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆయన దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించాను. అది ఎముకతో కలిసిపోయాక దానిమీద పన్ను తొడగాలి. మత్తు దిగకముందే చెప్పాను: "దీనిమీద పూత ఉంది నాయనా. ఆ పూతే ముఖ్యం."

ఆయన ఆ ఒక్క మాట పట్టుకుని బస్సెక్కాడు.

కొన్నాళ్ళకు నేను తోటకు వెళ్ళాను. తెల్లవారుజాము మంచులో చెట్లన్నీ పూతమీద ఉన్నాయి. ఆ వాసనకు నేలమీద నడుస్తున్నానో లేదో తెలియలేదు. నాయన మూతికి తువ్వాలు చుట్టుకుని ఎదురొచ్చాడు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నావా అంటే తల అడ్డంగా ఊపాడు.

"అదేందమ్మా, పూతప్పుడు యాడన్నా నీళ్ళు కడతారా? రాలిపోదా? మంచు పడకూడదని ఈ గుడ్డ గూడా కట్టుకోనుండాను."

పడీపడీ నవ్వాను. ఇది చెట్టు పూసే పూత కాదు, గోడకు సున్నం పూసినట్టు పూసిందని చెప్పాను. ఎముకలో ఉండే ఖనిజాన్నే స్క్రూకు పలచగా పూస్తారు. వట్టి లోహమైతే ఎముక మెల్లగా చేరుతుంది. ఈ పూత ఉంటే తనదే అనుకుని తొందరగా వచ్చి అల్లుకుంటుంది.

"పెండ్లిచూపులకు పౌడరు పూసినట్లా! లోపల లోహమని తెలిస్తే ఎముక ఊరకుంటాదా?"

"అంతలోపల కాపురం కుదిరిపోతుందిలే నాయనా."

ఆ రోజునుంచి బుద్ధిగా పుక్కిలించాడు. పూత పిచ్చి మాత్రం నాకు అంటుకుంది. హోసూరులో బస్సుల రొద మధ్య ఎక్స్‌రే పట్టుకుని కూర్చుంటే, ఆ తెల్లటి ఎముక గీతల్లో మంచు పట్టిన తోట కనిపించేది. నాయన దవడలో చప్పుడు లేకుండా ఏదో పూస్తున్నట్టు కలలొచ్చేవి. నిద్రలేచాక కూడా కాసేపు ఆ వాసన నాతోనే ఉండేది.

పిందెలు కాయలయ్యేసరికి పన్ను తొడగాల్సిన రోజు వచ్చింది. స్క్రూను చిన్న పనిముట్టుతో తట్టాను. ఎముక పట్టుకుని ఉంటే ఖంగుమనాలి. మొద్దుగా పలికింది. వేలితో నొక్కితే కదిలింది. ఎముక రాలేదు, చుట్టూ మెత్తటి కండ పెరిగిందంతే. ఎంత మంచి పూత ఉన్నా ఒక్కోసారి ఇలా అవుతుందని చదివినదాన్నే, అయినా ఏడుపు ఆగలేదు. స్క్రూ సులువుగానే ఊడి నా చేతికి వచ్చింది.

నాయన కుర్చీలోంచి లేచి నా తల నిమిరాడు.

"దీనికేడుస్తారా అమ్మా? పూసిందంతా కాయయితే కొమ్మ నిలస్తాదా?"

తన మాటకు తనకే నవ్వొచ్చింది. చేయి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయాడు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు.