ఖాళీ కొక్కెం

ఐసంటే నాకు తెలిసింది గుంటూరులో చెరకురసం బండివాడు గోనెపట్టాలో చుట్టి సుత్తితో పగలగొట్టే దిమ్మ ఒక్కటే. అలాంటి నన్ను, డెబ్బైల చివర్లో, చికాగోకి మూడు గంటల దూరంలో ఉన్న ఫ్యాక్టరీల ఊళ్లో, ఐస్ హాకీ టీమ్‌కి డాక్టర్ని చేశారు. ఇందులో నా గొప్పేమీ లేదు. వారం వారం శనివారాలు రింక్‌లో, అంటే ఆ ఐసు మైదానంలో, కూర్చోవడానికి మా ఆసుపత్రిలో తెల్ల డాక్టర్లెవరూ ఒప్పుకోలేదు. కొత్తగా వచ్చినదాన్ని, కాదనలేనిదాన్ని, నేను దొరికాను.

"ఐసు మీద కొట్టుకునే రౌడీలకి కుట్లేయడానికా నువ్వు మళ్లీ మొదటినుంచీ రెసిడెన్సీ చేసింది? వీకెండ్ అయినా రెస్ట్ తీసుకోవచ్చుగా" అని మా ఆయన విసుక్కునేవాడు.

నేను చెప్పబోయేది ఒక మనిషి గురించి. ఆ టీమ్‌కి కోచూ ఆయనే, ఆటగాడూ ఆయనే. చిన్న టీముల్లో అప్పట్లో ఒక్కడే రెండు పనులూ చేయడం మామూలు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. మొదటిసారి ఆట మధ్యలో కనుబొమ్మ చీరుకుపోయి వచ్చి బల్ల మీద పడుకున్నాడు. మత్తు వద్దట, టైమ్ లేదట, కుట్టేయమన్నాడు. నేను సూది దింపుతుంటే తలుపులోంచి తన కుర్రాళ్లకి కేకలేస్తూనే ఉన్నాడు. "నోరు మూయకపోతే పెదాలు కూడా కలిపి కుట్టేస్తాను" అన్నాను. పకపకా నవ్వాడు. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ స్నేహం.

ఆ టీమ్‌లో ఒక పద్ధతి ఉండేది. ఆట ఉన్న రోజు ఎవరూ రాకముందే ఆయన డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లి, ఆ పూట ఆడేవాళ్ల జెర్సీలు ఎవరి కొక్కేనికి వాళ్లవి తగిలించేవాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషికి ఆ పూట ఆట లేదని. పిలిచి చెప్పడం ఉండదు. వాళ్లొచ్చి అడిగితే మాత్రం ఎంతసేపైనా కూర్చుని కారణం చెప్పేవాడు.

"మాటా పలుకూ లేకుండా ఇదేం పద్ధతండీ?" అని అడిగాను ఒకసారి.

"మొహం మీద చెబితే వాడు నా ముందు ఏడుపు ఆపుకోవాలి డాక్టర్. ఇలాగైతే కాసేపు ఆ కొక్కేన్ని తిట్టుకుంటాడు" అన్నాడు.

మరుసటి చలికాలంలో, మా టీమ్‌ని పోషించే పెద్ద క్లబ్బు ఒక కుర్రవాణ్ని పంపింది. వాణ్ని ఆడించి తీరాలని ఆజ్ఞ. అంటే పాతవాళ్లలో ఒకరు ఆట వదులుకోవాలి. ఎవరో అందరికీ తెలుసు. డిఫెన్స్‌లో ఆడే ఒక లావుపాటి మనిషి, బాగా నెమ్మదించాడు, పైగా ఇంట్లో భార్య నిండు గర్భిణి. టీమ్‌లోంచి తీసేస్తే అతనికి వేరే పని రాదు.

ఆ కుర్రవాడు మొదటిసారి ఆడాల్సిన సాయంత్రం, నా మందుల పెట్టె సర్దుకోవడానికి ఆటగాళ్లతో పాటే డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లాను. ఆ లావుపాటాయన తలెత్తకుండా వచ్చాడు. ఎత్తి చూస్తే జెర్సీ అక్కడే ఉంది. అందరూ ఒకరి కొక్కెం ఒకరు చూసుకున్నారు. మూలన ఉన్న కోచ్ కొక్కెం ఖాళీగా ఉంది.

ఆయన సూటూ టై వేసుకుని పక్క గదిలోంచి వచ్చాడు. టై ముడి వంకరగా ఉంది. "మోకాలు పోయింది. కావాలంటే డాక్టర్ని అడగండి" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. ఆ మోకాలిని అంతకు కొద్దిరోజుల ముందే నేను చూశాను. కాస్త అరిగింది, అంతకుమించి ఏమీ లేదు. మనిషి అంత నిబ్బరంగా అబద్ధమాడుతుంటే కాదనడం నా వల్ల కాలేదు. తల ఊపాను.

తీరా ఆ కుర్రవాడు చలికాలం పూర్తి కాకుండానే ఇంటి మీద బెంగ పెట్టుకుని, ఆటే వద్దని వెళ్లిపోయాడు. జాగా ఖాళీ. కుర్రాళ్లందరూ మళ్లీ ఆడమని ఆయన్ని బతిమాలారు. నేనూ అడిగాను.

"ఇప్పటిదాకా ఎంతమంది జెర్సీలు తీశాను డాక్టర్! నాది నేనే మళ్లీ తగిలించుకుంటే రేపు ఇంకొకడిది ఏ మొహం పెట్టుకుని తీయను?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేం మొండితనమయ్యా, ఎవరు మెచ్చుకోవాలని?" అని తెలుగులోనే కడిగేశాను. భాష తెలియకపోయినా విషయం అర్థమై తల దించుకున్నాడు. మనసు మాత్రం మార్చుకోలేదు.

ఆ తర్వాత ఎనభైలన్నీ బెంచీ వెనక నిలబడే గడిపాడు. మంచి కోచ్ అనే అనేవారు. నాకు మాత్రం చూడబుద్ధయ్యేది కాదు. ఆట బిగువుగా ఉన్నప్పుడు, అడ్డుగోడ దూకి ఐసు మీదికి వెళ్లబోయేవాడిలా ఒక కాలు లేచేది. మళ్లీ తనకే గుర్తొచ్చి దించుకునేవాడు. అలాంటప్పుడు నేను మందుల పెట్టెలో ఏదో వెతుక్కునేదాన్ని.

ఒక్కొక్క ఫ్యాక్టరీ మూతపడుతూ వచ్చింది, రింక్‌కి వచ్చే జనమూ తగ్గారు. చివరికి టీమ్‌ని వేరే ఊరివాళ్లు కొనుక్కుపోయారు. వాళ్లకి వయసులో ఉన్న కోచ్ కావాలట, ఆయన్ని వద్దన్నారు. భార్య పుట్టింటివాళ్ల ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో పని చూసుకుని, వెళ్లే ముందు నా క్లినిక్‌కి వచ్చాడు. ఇప్పుడు ఆ మోకాలు నిజంగానే పాడైంది. ఎక్స్‌రే చూసి మందులు రాస్తుంటే అడిగాడు.

"అబద్ధం చెప్పి చెప్పి నాకే నిజమనిపిస్తోంది డాక్టర్. ఆ ఏడాది మానకపోతే ఇంకెంతకాలం ఆడేవాణ్ని?"

ఏ జవాబు కోసం వచ్చాడో నాకు తెలియలేదు. తెలియనప్పుడు నిజం చెప్పడమే నయమనిపించింది.

"మూడేళ్లు. జాగ్రత్తగా ఉంటే నాలుగు."

"నాలుగా! నేను ఒక్కటే అనుకున్నాను" అన్నాడు. ఆ మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. తను అంత బాగా ఉన్నాడని డాక్టరు నోటితో విన్నందుకు పొంగిపోయాడు. ప్యాంటు మోకాలి మీదికి దించుకోబోయి మధ్యలో ఆగిపోయాడు.

"ఇంకో నాలుగేళ్లు ఆడి ఉంటే మా పాప నా ఆట చూసేది. నేను ఆట మానిన ఏడాదే పుట్టింది. నన్ను ఎప్పుడూ ఆ సూట్‌లోనే చూసింది. వాళ్ల నాన్న ఆడేవాడంటే నమ్మదు డాక్టర్."

అని ఏడ్చాడు. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారని నర్సు తలుపు తట్టింది. కాసేపు ఆగమన్నాను.