ఇరవై రెట్ల చూపు

నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. ఎవరైనా ఖరీదైనది కొనమంటే దోచుకుంటున్నాడంటాను, చవకది చాలంటే లొసుగుందంటాను.

న్యూకాసిల్‌లో మా హాస్పిటల్లోనే పనిచేసే సర్జన్ ఒకాయన జింకల వేటకు వెళ్తుంటాడు. మెడికల్ కాలేజీలో నాకు సీనియర్, అప్పటినుంచీ అన్నా అనే పిలుస్తాను. ఆ జూన్‌లో నన్నూ రమ్మన్నాడు. తుపాకీ ఆయనది, రోజంతా స్కాన్లు చూసి రోగం తేల్చేవాణ్ణి కాబట్టి చూపు నాది. ముందు బైనాక్యులర్స్‌తో ఏ జంతువో తేల్చుకున్నాకే తుపాకీ ఎత్తాలి. వేసవిలో మగదాన్నే కొట్టాలి. ఆడదాని వెనక పిల్లలుంటాయి, తల్లి పోతే అవీ పోతాయి.

బైనాక్యులర్స్ కొందామని వెళ్తే, పాత సామాన్ల షాపు ముసలాయన అరిగిన జత ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తే చాలు డాక్టర్. వెలుతురు తగ్గాక వచ్చి చూసుకోండి."

అప్పటిదాకా ఎందుకట? ఈలోగా జత మార్చేస్తాడేమో! పక్కనే అదే ధరకు ఇరవై రెట్లది తళతళలాడుతోంది. మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, దూరంగా పోతున్న బస్సు నంబరు చదివాను. నన్నా బోల్తా కొట్టించేది అనుకుంటూ అదే కొన్నాను.

ఆదివారం తెల్లారీ తెల్లారకముందే గుట్ట మీద బోర్లా పడుకున్నాం. చెట్ల అంచున ఏదో కదిలింది. నా ఇరవై రెట్లలో ఆ చాలీచాలని వెలుతురుకు అంతా మసక, పైగా ఊపిరి పీల్చినా బొమ్మ ఊగిపోతోంది. తల మీద రెండు నిటారుగా ఉన్నాయి. కొమ్ములో చెవులో దేవుడికే తెలియాలి.

"ఏంట్రా, మగదేనా?" అన్నాడు అన్న గుసగుసగా.

తెలియట్లేదని చెప్పడానికి నామోషీ. "మగదే అన్నా. కొమ్ములు కనిపిస్తున్నాయి."

ఆయన తుపాకీ ఎత్తలేదు. నావైపొకసారి చూసి, తన పాత బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ పరిచయం, నా మాట మీద ఇంత అనుమానమా?

చాలాసేపటికి వాటిని నా చేతిలో పెట్టాడు. "నువ్వే చూడు."

అవి చెవులు. పొదల్లోంచి తడబడుతూ వచ్చిన పిల్లను ఆ జింక వంగి నాకుతోంది.

"అన్నా... నాకసలు కనిపించలేదు," అన్నాను.

"తెలుసు. రేపు స్కాన్ చూసి కూడా ఇలాగే చెప్తావా?"

పిల్ల పాలు తాగుతోంది. ఆయన మొహం చూడాల్సి వస్తుందని నేను బైనాక్యులర్స్ దించలేదు.