నా పేరు పలకని నోరు

కొత్తగూడెం నుంచి బదిలీ మీద గోదావరిఖనికి వచ్చినప్పుడు మా క్వార్టర్ల వరుసల అందరికి నా పేరు తొందరగ తెలిసింది. కారణం మా ఆయనే. మిగిలిన మొగోళ్లు పెండ్లాలను "ఇగో" అనో "ఏమే" అనో పిలిస్తే, ఈయన బొగ్గుబాయిల షిఫ్టు దిగి వాకిట్లకు వస్తూనే నన్ను పేరు పెట్టి పిలిచేటోడు. మా అత్తకు అది గిట్టకపోయేది. "పెండ్లాన్ని గట్ల పిలుస్తరారా" అని గులిగేది.

డెబ్బైలల్ల ఒక ఎండకాలం పొద్దుగాల డ్యూటీకి తయారైతుంటే ఆయన కుడికాలు లేవలే. మూతి ఒక పక్కకు గుంజుకపోయింది. ఏదో చెప్పబోతే మాట రాలే. పక్కింటి మెకానిక్ భాయి చూసి "లఖ్వా కొట్టింది అక్కా, జల్ది పోదాం" అని రిక్షా తెచ్చిండు.

దవాఖానల డాక్టరు నన్ను వరండాలకు పిలిచిండు. "తలలో రక్తనాళం మూసుకుపోయిందమ్మా. రక్తం అందక మెదడులో కొంత చచ్చిపోయింది. అది ఇక తిరిగి రాదు. దాని చుట్టూ ఉన్నది మాత్రం చావలేదు, సొమ్మసిల్లింది. అందులో కొంత తేరుకోవచ్చు. ఎంతన్నది చెప్పలేను."

"నేనేం చెయ్యాలె సార్?"

"మాట్లాడిస్తూ ఉండు. కాలూ చెయ్యీ ఆడిస్తూ ఉండు. బతికినది మెల్లగా పని నేర్చుకుంటుంది."

మా అత్తకు ఆ మాట మీద నమ్మకం కుదరలే. పావురాన్ని కోయించి ఆ నెత్తురు కొడుకు కాలుకు, చేతికి రుద్దింది. నేను అడ్డం చెప్పలే. మంచం పట్టిన కొడుకు తల్లికి ఏం చెప్తం? ఆ మరకలు కడిగి, డాక్టరు చెప్పినట్టు ఆయన వేళ్లు ఒక్కొక్కటి వంచి చాపేదాన్ని.

వానలు మొదలైనంక మొదటి మాట వచ్చింది, తల్లిని పిలిచే మాట. "అవ్వా." మా అత్త వంటింట్లకెల్లి ఉరికొచ్చి కొడుకు తలను రొమ్ముకు అదుముకున్నది. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. తెల్లారి బువ్వ తినిపిస్తుంటే ఆయన నా దిక్కు చూసి మళ్ల అన్నడు, "అవ్వా."

తర్వాత నీళ్లు, బువ్వ, బీడీ అన్ని మాటలు వచ్చినయ్. కర్ర పట్టుకొని, కాలు ఈడ్చుకుంట వాకిలి దాక పోయేటోడు. నా పేరే రాలే. తప్పు మాట వస్తున్నదని ఆయనకు ఎరుకే. నుదురంత చెమట పట్టేదాక పెదవులు కదిలించి, చివరికి "అవ్వా" అని, ఎడమచేత్తోని నెత్తి కొట్టుకునేటోడు.

ఒకనాడు ఆ చెయ్యి పట్టుకున్న. "గట్లనే పిలువు. నన్నేనని నాకు ఎరుకే, పలుకుత" అన్న. ఆయన మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. ఆ రోజు బువ్వ ముట్టలే.

మా అత్త పోయినంక ఆ పిలుపుకు పలికేటిది నేనొక్కదాన్నే అయిన. ఎవరన్న నన్ను పేరు పెట్టి పిలిస్తే ఆయన తల దించుకునేటోడు. అది చూడలేక, ఇరుగుపొరుగోళ్లను "అక్కా" అనే పిలువుమని బతిమిలాడుకున్న.

కొన్నేండ్లకు రెండోసారి పక్షవాతం కొట్టింది. ఈసారి డాక్టరు వేరే ఆయన. చూసి, ఏం చెప్పకుండనే పక్క మంచం దగ్గరికి పోయిండు. కొన్నాళ్లు ప్రాణం ఉన్నది, మాట లేదు. కండ్లు మాత్రం నా ఎంబడి తిరిగేవి. తడిబట్టతోని మొఖం తుడుసుకుంట "పిలువు, ఏదన్న ఒకటి పిలువు" అనేదాన్ని. పెదవి కదిలేది.